గని బురద ఎక్కడ పోస్తారో ముందే, పూర్తిగా, తెలుగులో చెప్పండి

సంపాదకులు గారికి,

నమస్కారం.

కుప్పం పక్కన చిగురుగుంట, బిసానత్తం బంగారు గనుల గురించి పేపర్లో వార్త వచ్చిన ప్రతిసారీ చివరి అక్షరం దాకా చదువుతాను. మా బావమరిది వాళ్ళ పొలం గుడుపల్లె మండలంలోనే ఉంది. మల్బరీ పెట్టుకొని పట్టు పురుగులు మేపుతున్నారు. ఎప్పుడో మూతపడిన ఆ గనులను వేలం వేశారని, కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీకి దక్కాయని చదివాం. ఎంత బంగారం వస్తుంది, ఎంతమందికి ఉద్యోగాలు వస్తాయి, ప్రభుత్వానికి ఎంత ఆదాయం అన్నవి వార్తల్లో ఉంటాయి. తవ్వి, నూరి, బంగారం తీసేసుకున్నాక మిగిలే బురదను ఎక్కడ పోస్తారు, ఏ కట్ట వెనక నిలవ పెడతారు, ఆ కట్ట కింద ఎవరెవరి పొలాలున్నాయి అన్న సంగతి మాత్రం నేను చదివిన వార్తల్లో కనబడలేదు. దాని గురించే ఈ ఉత్తరం.

గని వద్దని రాయడం లేదు. కుప్పంలో తెల్లారకముందే రైలెక్కి బెంగళూరుకు పనికి పోయి, రాత్రికి ఇల్లు చేరే పిల్లలను చూస్తూనే ఉన్నాం. ఉన్న ఊర్లో పని దొరికితే ఎవరికి చేదు? నేను అడిగేది ఒక్కటే. ఈ గని గానీ, మన జిల్లాలో రేపు రాబోయే ఇంకే గని గానీ, పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు, దాని పర్యావరణ నివేదికలో వ్యర్థాల నిల్వ గురించీ గని మూసివేత గురించీ రాసిన అధ్యాయాలను మొత్తంగా, మ్యాపులతో సహా, తెలుగులో అచ్చు వేసి ఆ కట్టకు దిగువన ఉన్న ప్రతి పంచాయతీకీ చేర్చాలి. సారాంశం ఇస్తే సరిపోదు.

నేను చిత్తూరులో దస్తావేజు లేఖరిని. అర సెంటు స్థలం అమ్మినా తూర్పున ఎవరి జాగా, పడమర ఏ దారి, ఉత్తరాన ఏ కాలువ, దక్షిణాన ఎవరి గోడ అని నాలుగు హద్దులూ రాయకుండా రిజిస్ట్రేషన్ జరగదు. హద్దులు సరిగ్గా లేకపోతే పిల్లల కాలంలో గొడవలొస్తాయని చదువురాని వాళ్ళకు కూడా తెలుసు, అందుకే గట్టిగా చదివి వినిపించమంటారు. లక్షల టన్నుల బురదను వందల ఏళ్ళ పాటు ఒక ఊరి నెత్తిన పెట్టే కాగితానికి ఆ మాత్రం జాగ్రత్త లేకపోవడం నాకు మింగుడుపడడం లేదు.

కొన్నేళ్ళ కింద మన ప్రాంతంలోనే ఒక గని కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే, తెలిసిన రైతులు తోడు రమ్మంటే వెళ్ళాను. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, చుట్టూ పోలీసులు. లోపలికి పోయేటప్పుడు కొన్ని తెలుగు కాగితాలు స్టేపుల్ కొట్టి చేతికిచ్చారు. పక్కన కూర్చున్న పెద్దాయన తన కాపీ నా ఒళ్ళో పెట్టి, "ఏం రాసుండారన్నా దీంట్లో? మా చెరువు పేరుందేమో చూడు" అన్నాడు. మొదటి నుంచి చివరిదాకా వెతికాను. లేదు. "సమీప నీటి వనరులపై చెప్పుకోదగ్గ ప్రభావం ఉండదు" అన్న వాక్యం ఉంది, "వ్యర్థాలను శాస్త్రీయ పద్ధతిలో నిర్వహిస్తారు" అన్న వాక్యం ఉంది. అంతే. ఆయన మైకు దగ్గరికి పోయి తన చెరువు గురించి అడిగితే, వేదిక మీద నుంచి అన్ని జాగ్రత్తలూ తీసుకుంటామని జవాబొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు, ఆయన వచ్చి కూర్చున్నాడు.

తర్వాత ఆ ప్రాజెక్టు పూర్తి పర్యావరణ నివేదిక ఒక ఆఫీసు బీరువాలో ఉందని తెలిసి అడిగి చూశాను. ఇవ్వనని ఎవరూ అనలేదు, ఇక్కడే కూర్చొని చూసుకోమన్నారు. లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. నా ఇంగ్లీషుతో తిప్పలు పడి మ్యాపులున్న పేజీలు పట్టుకున్నాను. ఆ పెద్దాయన చెరువు అందులో పేరుతో సహా ఉంది. వ్యర్థాల దిబ్బకు అది ఎంత దూరమో కూడా రాసి ఉంది. అంటే నివేదిక రాసిన వాళ్ళకు చెరువు సంగతి తెలుసు. అనుమతి ఇచ్చే వాళ్ళకూ తెలుస్తుంది. ఆ చెరువు నీళ్ళు తాగే మనిషికి ఒక్కడికే తెలియలేదు. ఎవరో దాచిపెట్టారని నేను అనను. నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. అసలు లోపం ఆ నియమంలోనే ఉంది.

2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రభుత్వ పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ఈ ప్రజాభిప్రాయ సేకరణలు, అంటే బహిరంగ విచారణలు, జరుగుతాయి. విచారణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన వేయాలి, కలెక్టరు గానీ ఆయన తరఫు అధికారి గానీ అధ్యక్షత వహించాలి, అంతా వీడియో తీయాలి. ఇవన్నీ మంచివే. అయితే స్థానిక భాషలో తప్పనిసరిగా ఇవ్వాల్సింది సారాంశం మాత్రమే. ఆ సారాంశం ఎ4 సైజులో పది పేజీలు దాటకూడదని కూడా అందులోనే ఉంది. ప్రాజెక్టు వర్ణన, గాలి, నీళ్ళు, అడవి, శబ్దం, పేలుళ్ళు, ఉద్యోగాలు అన్నీ ఆ పదింటిలోనే ఇమడాలి. వ్యర్థాల బురదకు ఒక పేరా దక్కితే గొప్ప. ఇంకో చిత్రం చూడండి. విచారణలో జనం లేవనెత్తిన విషయాలను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయాలని నియమం ఉంది. మన మాట ఢిల్లీలో కూర్చున్న కమిటీకి అర్థం కావాలి గనక ఆ ఏర్పాటు చేశారు. ఆ కమిటీ ముందు పెట్టే ప్రణాళిక మనకు అర్థం కావాలన్న ఏర్పాటు లేదు.

బంగారు గని విషయంలో ఈ ఒక్క పేరా ఎందుకు చాలదో కొంచెం వివరంగా చెప్పాలి. ఇనుప గనిలో తవ్విన దానిలో చాలా భాగం అమ్ముకుంటారు. బంగారు గనిలో ఒక టన్ను రాయి తవ్వితే దొరికేది కొన్ని గ్రాములు. మిగిలిన టన్నంతా అక్కడే ఉండిపోతుంది. అదీ రాయిగా కాదు, మెత్తటి పిండిగా నూరి, సోడియం సైనైడ్ అనే విషం కలిపిన నీళ్ళలో బంగారాన్ని కరిగించి తీసుకున్నాక మిగిలిన బురదగా. సైనైడ్ ఎండకు, గాలికి కొంత విరిగిపోతుంది. పారబోసే ముందు దాన్ని రసాయనాలతో విరగ్గొట్టే పద్ధతులు కూడా ఉన్నాయి. కానీ బంగారం ఉన్న రాళ్ళలో చాలా చోట్ల గంధకం, ఆర్సెనిక్ అనే విషపదార్థం కూడా ఉంటాయి. రాయి నేల లోపల ఉన్నన్నాళ్ళూ అవి కదలవు. పిండి చేసి బయట పోస్తే గాలీ నీరూ తగిలి ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లంతో లోహాలు కరిగి ఊటగా దిగుతాయి. సైనైడ్ అయినా పోతుందేమో గానీ ఆర్సెనిక్ ఎక్కడికీ పోదు. తాగునీటి భారతీయ ప్రమాణం లీటరుకు సైనైడ్ 0.05 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 0.01 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది. వెయ్యి అడుగులు వేసినా నీళ్ళు పడని బోర్లున్న మండలాల్లో, పడిన ఆ కాస్త నీళ్ళలో ఈ లెక్క తప్పితే జనం ఏం తాగాలి?

దీనికి సాక్ష్యం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. కుప్పం నుంచి సరిహద్దు దాటితే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్. 2001 ఫిబ్రవరి 28న అక్కడ గనులు మూసేశారు. బంగారం పోయింది, కంపెనీ పోయింది, ఉద్యోగాలు పోయాయి. సైనైడ్ దిబ్బలు మాత్రం ఊరి మధ్యలో అలాగే నిలబడి ఉన్నాయి. 13 దిబ్బల్లో సుమారు 3.3 కోట్ల టన్నులు ఉందని చెబుతారు. ఎండాకాలం గాలి లేస్తే ఆ పిండి ఇళ్ళ మీద పడుతుంది. మన చిత్తూరు జిల్లా నుంచి ఆ గనుల్లో పనికి పోయిన కుటుంబాలు ఎన్నో. దుమ్ము, దగ్గు, ఊపిరితిత్తుల జబ్బు అంటే ఏమిటో ఆ ఇళ్ళలో ఎవరినడిగినా చెబుతారు. ఆ దిబ్బల్లో మిగిలిన బంగారం తీయడానికి 2024లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. మంచిదే, ఆ వంకతోనైనా వాటి సంగతి చూస్తారేమో. మూసేసిన ఇరవై మూడేళ్ళకు గానీ ఆ కదలిక రాలేదు.

మా బావమరిది ఇంట్లో మల్బరీ ఆకు మీద దుమ్ము పడితే పురుగులకు వేయరు, కడగాలి, ఆరబెట్టాలి. పట్టు పురుగు అంత సున్నితం. గ్రానైట్ కోసే ఫ్యాక్టరీల తెల్ల బురదను రోడ్డు పక్కన, చెరువు అంచుల్లో పోసి పోతే ఏమవుతుందో కుప్పం, చిత్తూరు వైపు వాళ్ళకు బాగా తెలుసు. ఎండితే లేస్తుంది, వానొస్తే జారుతుంది. దానిలో సైనైడ్, ఆర్సెనిక్ లేవు, అయినా ఇంత టెన్షన్ పెడుతోంది.

ఇక కట్ట సంగతి. 2019 జనవరి 25న బ్రెజిల్‌లో బ్రుమాదిన్యో అనే చోట వాలే కంపెనీ ఇనుప గని బురద కట్ట తెగి 270 మంది చనిపోయారు. కట్టకు సరిగ్గా దిగువనే గని క్యాంటీన్ కట్టారు. మధ్యాహ్నం అన్నం తింటున్న కార్మికులు అక్కడికక్కడే బురదలో పోయారు. సైరన్ మోగలేదు. ఆ చెరువులో కొత్త బురద పోయడం అప్పటికే ఆపేశారు, అంటే వాడకంలో లేని కట్ట. అన్నిటికంటే నన్ను కలవరపెట్టిన సంగతి, కట్ట నిలకడగానే ఉందని ఒక కన్సల్టెన్సీ సంస్థ అంతకు కొన్ని నెలల ముందే సర్టిఫికెట్ ఇచ్చింది. ఆ సంస్థకు డబ్బు కట్టింది గని కంపెనీయే. మన దేశంలో కూడా పర్యావరణ నివేదిక తయారుచేసే కన్సల్టెంటుకు ఫీజు కట్టేది గని పెట్టేవాళ్ళే. కన్సల్టెంట్లందరూ చెడ్డవాళ్ళని కాదు. కానీ డబ్బిచ్చిన వాడి లెక్కను ఇంకెవరో ఒకరు, ముఖ్యంగా కట్ట కింద బతికేవాళ్ళు, చదివి ప్రశ్నించే వీలుండాలి కదా.

బ్రుమాదిన్యో కట్టను ముందు పోసిన బురద మీదే మెట్టు మీద మెట్టు పెంచుతూ కట్టారు. ఖర్చు తక్కువ గనక కంపెనీలు ఇష్టపడే పద్ధతి ఇది. బ్రెజిల్ ఆ తర్వాత దీన్ని నిషేధించింది. మన దగ్గర వచ్చే కట్ట ఏ పద్ధతిలో కడతారు? బురదలో నీళ్ళు పిండేసి పొడిగా పేర్చే పద్ధతి ఉంది కదా, నీళ్ళకు కరువున్న మన సీమకు అది నప్పుతుందా, నప్పకపోతే ఎందుకు? అలాంటి ప్రశ్నలు అడగాలంటే ముందు ఆ అధ్యాయం చేతిలో ఉండాలి.

మనం కరువు జిల్లా, వానే లేదు, కట్ట ఎందుకు తెగుతుంది అనే వాళ్ళున్నారు. వాళ్ళకు 2021 నవంబరు గుర్తుచేస్తాను. ఆ నెల 19న రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి కింద ఊర్లు ఊర్లే తుడిచిపెట్టుకుపోయాయి. రెండు రోజులు తిరక్కుండానే తిరుపతి పక్కన రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకు పడింది. తరతరాలుగా నిలబడిన కట్ట. కింద గ్రామాల జనాన్ని ఇళ్ళు ఖాళీ చేయించారు, రాత్రింబవళ్ళు ఇసుక బస్తాలు వేసి కాపాడారు. మన దగ్గర వాన పది నెలలు ముఖం చాటేసి, వచ్చినప్పుడు రెండు రోజుల్లో కుమ్మరిస్తుంది. బురద కట్టకు ఎన్నేళ్ళ వాన లెక్క తీసుకున్నారు, అందులో 2021 నవంబరు లెక్క కలిపారా లేదా అన్నది రైతు అడగాల్సిన మొదటి ప్రశ్న. చెరువు తెగితే నీళ్ళు పోతాయి, ఇసుక మేట తీసేసి ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ దున్నుకుంటాం. సైనైడ్ బురద పరుచుకున్న చేను ఇక చేను కాదు.

అన్నమయ్య కట్ట తెగిన మరుసటి నెలలోనే, 2021 డిసెంబరులో, పార్లమెంటు డ్యాం భద్రతా చట్టానికి ఆమోదం తెలిపింది. నా అలవాటు కొద్దీ ముందు నిర్వచనం చదివాను. నదుల మీద, వాటి ఉపనదుల మీద, నీటిని నిలవ చేయడానికో మళ్ళించడానికో కట్టినదే ఆ చట్టం దృష్టిలో డ్యాం. పొలాల మధ్య మిట్ట మీద బురద నిలవ చేసే కట్ట ఆ నిర్వచనంలో ఇమిడేలా నాకు కనబడలేదు. గని ప్రణాళికను ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ చూస్తుంది, పర్యావరణం ఢిల్లీ కమిటీ చూస్తుంది, విచారణ కాలుష్య నియంత్రణ మండలి జరుపుతుంది, కార్మికుల భద్రత ఇంకొకరు. ఇంతమంది ఉన్నారు గానీ, కట్ట కింద ఊరికి నేరుగా జవాబు చెప్పేవాళ్ళు ఎవరని అడిగితే నాకు పేరు దొరకలేదు.

అనుమతి ఇచ్చాక కూడా పని అయిపోదు. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లె యురేనియం గని బురద చెరువు గురించి మన పేపర్లన్నీ రాశాయి. చెరువు అడుగున నీరు ఇంకకుండా బెంటొనైట్ మట్టి, పాలిథిన్ పొర వేయాలన్నది షరతు. ఆ పొరల గురించి శాస్త్రవేత్త కె. బాబూరావు గారు 2018లో లేఖ రాసి ప్రశ్నించాక గానీ విషయం పెద్దది కాలేదు. కనంపల్లె, మబ్బుచింతలపల్లె, కె.కె. కొట్టాల రైతులు అంతకుముందు నుంచే తమ బోర్ల నీళ్ళు మారాయని, అరటి తోటలు ఎండుతున్నాయని మొత్తుకుంటున్నారు. ఆ షరతు ప్రతి తెలుగులో వాళ్ళ పంచాయతీ గోడ మీద మొదటి రోజు నుంచీ ఉండుంటే, అడుగున పొర వేస్తున్నారా లేదా అని పని జరిగేటప్పుడే ఆ రైతులే పోయి చూసుకునేవాళ్ళు. చెరువు నిండాక అడుగు ఎవరు చూడగలరు?

షరతులు ఎలా పాటిస్తున్నారో ఏటా జూన్ 1న, డిసెంబరు 1న గని యాజమాన్యం నివేదిక ఇవ్వాలని అదే 2006 నోటిఫికేషన్‌లో ఉంది. అది ఇంగ్లీషులో వెబ్‌సైటుకు పోతుంది. దానిలో బోరు నీళ్ళ పరీక్షల పట్టిక ఒక్కటైనా తెలుగులో పంచాయతీ నోటీసు బోర్డుకు ఎక్కించాలి. ఇంకొకటి, గని మొదలవక ముందే దిగువన ఉన్న ప్రతి తాగునీటి బోరునూ ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి ఆర్సెనిక్, సైనైడ్ పరీక్ష చేయించి, ఆ కాగితం బోరు ఉన్న ఊరికే ఇవ్వాలి. రేపు నీళ్ళు చెడితే ఇది ముందు నుంచీ ఇలాగే ఉందని ఎవరూ తప్పించుకోవడానికి వీలుండదు. మా వృత్తిలో పాత దస్తావేజుకున్న విలువ దానికీ ఉంటుంది.

మూసివేత కోసం కంపెనీ కట్టే హామీ సొమ్మును సాధారణంగా గని వాడుకున్న భూమి హెక్టార్ల లెక్కన తీసుకుంటారు. గ్రావెల్ తవ్విన గుంటను పూడ్చడానికి ఆ లెక్క సరిపోతుందేమో. సైనైడ్ బురదను తరతరాలు కాపలా కాయడానికి హెక్టార్ల లెక్క ఏ మూలకూ రాదు. బురద ఎన్ని టన్నులు, అందులో ఏముంది, దాని కింద ఎంతమంది ఉన్నారు అన్నదాన్ని బట్టి సొమ్ము ముందే కట్టించుకోవాలి. కోలార్ విషయంలో అలా చేయలేదు గనకే ఈ రోజు ఆ దిబ్బలను చూసి మాట్లాడుకుంటున్నాం.

ఇదంతా టెక్నికల్ విషయం, తెలుగులో ఇచ్చినా పల్లెల్లో ఎవరికి అర్థమవుతుందని ఒక అధికారి నాతో అన్నారు. మర్యాదగానే అన్నారు, నేనూ మర్యాదగానే జవాబిస్తున్నాను. ఏ వంక ఏ చెరువులోకి పారుతుంది, ఎక్కడ తవ్వితే ఊట వస్తుంది, ఏ వానకు ఏ కట్ట మీదుగా నీళ్ళు పొర్లాయి అన్నది ఆ పల్లెల వాళ్ళకు తెలిసినంత ఏ కన్సల్టెంటుకూ తెలియదు. మ్యాపు మీద ఊర్ల పేర్లు తెలుగులో రాసి చేతికిస్తే, తప్పు ఎక్కడుందో నిమిషాల మీద వేలు పెట్టి చూపిస్తారు. ఖర్చు సంగతి అంటారా, కోట్ల రూపాయల ప్రాజెక్టులో రెండు అధ్యాయాలకు తెలుగు చేయించడం ఖర్చు కింద లెక్కకు రాదు. 2020లో ఆ 2006 నోటిఫికేషన్ స్థానంలో కొత్త పర్యావరణ నోటిఫికేషన్ ముసాయిదా వచ్చినప్పుడు దాన్ని రాజ్యాంగం గుర్తించిన 22 భాషల్లోనూ ఇవ్వాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. దేశమంతటికీ వర్తించే ముసాయిదానే జనం భాషలో ఇమ్మన్నారంటే, ఒక ఊరి తల మీద పెట్టే కట్ట కాగితం ఇవ్వడానికి అడ్డేముంది?

నియమం మారడానికి ఢిల్లీలో ఎంత కాలం పడుతుందో చెప్పలేం. మన జిల్లా కలెక్టరు గారు, కాలుష్య నియంత్రణ మండలి అధికారులు అంతవరకు ఆగక్కర్లేదు. సారాంశం తెలుగులో ఇవ్వడం తప్పనిసరి అన్నారే గానీ, అంతకు మించి ఇవ్వకూడదని ఎక్కడా లేదు. విచారణ తేదీ ఖరారు చేసే ముందే వ్యర్థాల అధ్యాయం, మూసివేత అధ్యాయం, కట్ట తెగితే బురద ఎంత దూరం పోతుందో చూపే మ్యాపు తెలుగులో తెచ్చివ్వమని యాజమాన్యాన్ని అడగవచ్చు. వాటిని నోటీసుతో పాటే పంచాయతీలకు పంపి, ఆ 30 రోజుల్లో గ్రామసభ పెట్టి గట్టిగా చదివించవచ్చు.

చదివేవాళ్ళు లేరనుకుంటే మా దస్తావేజు లేఖరులం ఉన్నాం. నాతోపాటు కుప్పంలో, పలమనేరులో ఈ పని చేసే కొందరితో ఇప్పటికే మాట్లాడాను. ఏ ఊరు పిలిచినా వచ్చి, పైసా తీసుకోకుండా మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివి వినిపిస్తామని వాళ్ళూ ఒప్పుకున్నారు.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి,
గిరింపేట, చిత్తూరు